గురుత్వానికి మన దోహదం

విద్యామంత్రిగారు ఆ ఏడాది విదేశీ పర్యటనకు వెళ్ళకుండా ఉంటే, తంగిరాల విశాలాక్షి తన మానాన తను యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండేది. జిల్లా కలెక్టర్లకు గేదెల్ని తూకం వేయించాల్సిన అవసరమూ వచ్చేది కాదు.

జరిగిందేమిటంటే, అక్కడ మంత్రిగారిని ఒక సైన్సు మ్యూజియానికి తీసుకెళ్ళారు. గురుత్వాకర్షణ పరిశోధనకు తమ దేశం ఏమేం చేసిందో ఒక గోడ నిండా బొమ్మలతో సహా రాసి పెట్టుకున్నారు వాళ్ళు. చూపిస్తున్న పెద్దమనిషి మర్యాదకోసం, "ఈ రంగంలో మీ దేశం చేసిన కృషి ఏమిటండీ?" అని అడిగాడు. మంత్రిగారు ఏ ప్రశ్నకూ తడుముకునే మనిషి కాదు. "మేము దాన్ని అనాదిగా వాడుతూనే ఉన్నాం" అన్నారు. పెద్దమనిషి నవ్వాడు. ఆ నవ్వు విమానమెక్కి మంత్రిగారితోపాటే తిరిగొచ్చింది. నెల తిరక్కుండా ప్రభుత్వం ఒక మండలిని వేసింది. మన దేశపు చరిత్ర కూడా వెంటనే రాయించాలని ఉత్తర్వు వెలువడింది.

ఆ మండలికి ప్రత్యేకాధికారిగా విశాలాక్షిని పంపారు. పాతికేళ్ళుగా ఆమె పనిచేస్తున్నది గురుత్వాకర్షణ మీదే. అయితే ఆ సంగతి ప్రభుత్వానికి తెలియదు. ఫిజిక్సు డిపార్టుమెంటులో డెప్యుటేషనుకి ఒప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే కాబట్టి పంపారు. ఆమె ఒప్పుకోవడానికి కారణం మంగతాయారుగారు.

మంగతాయారుగారు విశాలాక్షికి చదువు చెప్పిన మనిషి. ఎనభై దాటింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు, గురుత్వాకర్షణకు తోడుగా మరో సన్నని బలం ఉందని, ఇన్నాళ్ళూ అది ఎవరి కంటా పడలేదని కొందరు విదేశీయులు గట్టిగా చెప్పారు. ప్రపంచమంతా నమ్మడానికి సిద్ధపడింది. మంగతాయారుగారు మాత్రం కొలిచి చూద్దామన్నారు. సన్నగుట్ట దగ్గర మూతపడిన అభ్రకం గని ఒకటి ఉంటే, దాని సొరంగంలో వెంట్రుకకన్నా సన్నని తీగకి ఒక త్రాసు వేలాడదీశారు. గాలి తగలకుండా, ఎండ సోకకుండా, పక్క క్వారీ లారీలు తిరగని వేళల్లో ఏళ్ళ తరబడి దాన్ని చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆ బలం లేదని తేల్చారు. విదేశీయులు లెక్కలు సరిచూసుకుని, ఆవిడ చెప్పిందే నిజమని ఒప్పుకున్నారు. మన దేశంలో ఎవరూ ఏమీ అనలేదు. ఉన్నదాన్ని కనిపెడితే సన్మానం చేస్తారు కానీ, లేనిదాన్ని లేదని తేల్చినవాళ్ళకు ఏ శాలువా కప్పాలో ఎవరికీ తోచలేదు.

ఆవిడ బతికుండగా ఆ పని ఒక ప్రభుత్వ పుస్తకంలో అచ్చయితే చాలు అనుకుంది విశాలాక్షి. శ్రద్ధగా కూర్చుని నలభై పేజీల చరిత్ర రాసింది. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే ఒకాయన రాసిన సమీకరణాన్ని ఇప్పటికీ దేశదేశాలవాళ్ళు ఎలా వాడుతున్నారో రాసింది. వెలుగు చిమ్ముతూ తరిగిపోయే నక్షత్రం చుట్టూ గురుత్వం ఎలా ఉంటుందో తేల్చినాయన గురించి రాసింది. కృష్ణబిలాన్ని తడితే గంటలా మోగి ఎలా సద్దుమణుగుతుందో లెక్కకట్టి చెప్పినాయన గురించి రాసింది. చివరి అధ్యాయం మంగతాయారుగారిది.

మండలి సమావేశమైంది.

"నలభై పేజీలేనా?" అన్నారు ఛైర్మన్ గంధం నరహరిరావుగారు, ప్రతిని అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూస్తూ. ఆయన ఇంతకుముందు మత్స్యాభివృద్ధి సంస్థకూ, అంతకుముందు తాటిబెల్లం బోర్డుకూ ఛైర్మన్‌గా చేసినవారు. "చేపల మీద మేం వేసిన వార్షిక నివేదికే మూడువందల పేజీలండీ. అందులో చేపలు కూడా పెద్దగా లేవు."

"ఉన్నది అంతే సర్. కానీ ఉన్నదంతా గట్టిది" అంది విశాలాక్షి.

మండలి కార్యదర్శి ప్రభంజనరావుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా ఫైలు భాషలోనే అడుగుతారని ఆఫీసులో చెప్పుకునేవారు.

"అధ్యక్షా, నా అభ్యంతరము వేరు. ఈ ప్రతి యందు ఆద్యంతమూ పరిశోధన గురించియే వ్రాయబడి ఉన్నది."

"చరిత్ర దాని గురించే కదండీ?" అంది విశాలాక్షి.

"కాదు. ఉత్తర్వు శీర్షికను చిత్తగించుడు." ఆయన కాగితం ఎత్తి చదివారు. "'గురుత్వాకర్షణకు దేశము చేసిన దోహదముల చరిత్ర.' ఇందు పరిశోధన అను పదము ఎచ్చట ఉన్నది?"

విశాలాక్షి కాగితం తీసుకుని చూసింది. నిజంగానే లేదు. "టైపులో పోయి ఉంటుందండీ" అంది.

"పోయి ఉండవచ్చును. దానిని మేము కాదనము. అయితే మంత్రిమండలి ఆమోదము పొందిన పిమ్మట, పోయినది పోయినట్లే ఉండవలెను. మంత్రిగారు సంతకము చేసిన ఉత్తర్వు తప్పు అని తమరు వ్రాతపూర్వకముగా ఇచ్చెదరా?"

ఒక సభ్యుడు ఆ మాట వినపడకుండా ఉండేందుకు కాఫీ గట్టిగా చప్పరించాడు.

"సరే, పరిశోధన సంగతి వదిలేద్దాం" అన్నారు ఛైర్మన్‌గారు. "అచ్చంగా గురుత్వాకర్షణకే దోహదం చెయ్యడమంటే ఏమిటండీ? అది అసలు సాధ్యమా?"

అందరూ విశాలాక్షి వైపు చూశారు. పరిశీలించి చెబుతానంటే సరిపోయేది. కానీ పాతికేళ్ళు క్లాసులో నిలబడిన మనిషి కావడంతో, ప్రశ్న వినగానే నిజమైన జవాబు నోటికి వచ్చేసింది.

"సాధ్యమే సర్. ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువూ గురుత్వాకర్షణకు తన వంతు కలుపుతూనే ఉంటుంది. భూమి మనల్ని ఎంత బలంతో లాగుతుందో, మనమూ భూమిని అంతే బలంతో లాగుతాం."

ఛైర్మన్‌గారు కుర్చీలో ముందుకు వంగారు. "మనం భూమిని లాగుతున్నామా?"

"అవును సర్."

"అందరమూ?"

"అందరమూ."

"ప్రతిపక్షం వాళ్ళు కూడానా?"

"వాళ్ళు కూడా సర్."

ఆయన ముఖంలో దేశభక్తి పొంగడం అందరికీ కనపడింది. "ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్ళూ ప్రజలకు ఎందుకు చెప్పలేదండీ? ఇంతమంది జనాభా ఉన్న దేశం! మనల్ని మించి లాగేవాళ్ళు ఎవరుంటారు?"

సాయంత్రానికి తీర్మానం తయారైంది. ప్రత్యేకాధికారిణిగారి శాస్త్రీయ అభిప్రాయము మేరకు, గురుత్వాకర్షణకు దేశము చేసిన దోహదము అనగా దేశము యొక్క మొత్తము బరువు అని అందులో ఉంది. బరువు కాదు, ద్రవ్యరాశి అని రాయమని విశాలాక్షి అడిగింది. అది జనానికి నోరు తిరగదన్నారు ప్రభంజనరావుగారు.

ఆఫీసు సూపరింటెండెంటు జోజప్ప ఆమె బల్ల దగ్గరికొచ్చి, జాలిగా చూశాడు.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు. ఆఫీసులో అడిగినదానికి జవాబు చెప్పగూడదు. ప్రశ్నని ఇంకో సెక్షనుకి పంపించాల. ముప్పై ఏళ్ళుగా నేను అట్టనే బతికినా."

మర్నాటి నుంచి పని మొదలైంది. అన్ని జిల్లాలకూ సర్క్యులరు వెళ్ళింది. జిల్లాలో మనుషులు, పశువులు, కొండలు, కట్టడాలు మొత్తం ఎంత బరువు ఉన్నాయో తూచి, గురుత్వ దోహద నివేదిక పంపాలి. నెలనెలా పెరుగుదల చూపించాలి. ఎక్కువ పెరిగిన జిల్లాకు పతాకం ఇస్తారు. తగ్గిన జిల్లా కలెక్టరు సంజాయిషీ ఇవ్వాలి.

మొదటి నెలలో అంతా సవ్యంగానే నడిచింది. చెరుకు ఫ్యాక్టరీల కాటాల మీద గేదెల్ని, ఆవుల్ని ఎక్కించి తూచారు. ఒక జిల్లావాళ్ళు కొండ బరువు ఎలా తూచాలని అడిగితే, ముక్కలు చేసి తూచి మళ్ళీ యథాస్థానంలో పేర్చాలని ప్రభంజనరావుగారు జవాబు రాశారు. విశాలాక్షి ఆ కాగితాన్ని పట్టుకుని ఆయన గదికి పరిగెత్తి, లెక్కకట్టి చెప్పవచ్చు, పగలగొట్టక్కర్లేదు అని ఒప్పించేసరికి ఆమెకు ఒక పూట పట్టింది. ఆ పూటలో ఒక చిన్న గుట్ట పోయింది.

రెండో నెలకి పెరుగుదల చూపించాల్సి వచ్చింది. అక్కడి నుంచి చిక్కులు మొదలయ్యాయి.

పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు షుగరు రోగిని పది కిలోలు తగ్గమన్నాడు. దేశ దోహదానికి భంగం కలిగించేలా పౌరులను ఎందుకు ప్రేరేపిస్తున్నారో తెలపాలని అతనికి మెమో వెళ్ళింది. వ్యాయామశాలల ముందు "ఇక్కడ దేశ గురుత్వము హరించబడును" అని బోర్డులు పెట్టించారు. హైజంప్ పోటీలు ఆపేశారు. ఎగిరినవాడి బరువు ఆ కాసేపూ ఏ జిల్లా ఖాతాలో వెయ్యాలో తేలలేదు. గురుత్వ వారోత్సవాలు వచ్చాయి. "బరువు పెరుగుదాం, భూమిని లాగుదాం" అని ఊరేగింపులు తీశారు. ముందు నడిచే కలెక్టర్లు జేబుల్లో గులకరాళ్ళు పోసుకున్నారు. ఒక ఊరేగింపులో గాలిబుడగలు అమ్ముకునే మనిషి ఎదురుపడితే, దేశాన్ని పైకి లాగుతున్నాడని స్టేషనుకి తీసుకెళ్ళారు.

చరిత్ర భాగం కూడా జోరుగా సాగింది. రాజులు తులాభారం తూగినట్టు శాసనాల్లో ఉందని తెలియగానే, దాని మీద ఒక సంపుటం నిర్ణయమైంది. ఏ రాజు ఎంత బంగారానికి తూగాడో తేల్చి, బరువును బట్టి వరస పెట్టారు. సన్నగా ఉండే ఒక మహారాజు ఆ వరసలో అడుక్కి పోయాడు. ఆయన కట్టించిన కోట బరువు కలిపితే పైకి వచ్చాడు. విశాలాక్షి రాసిన శాస్త్రవేత్తల్ని కూడా వదల్లేదు. వాళ్ళ వాళ్ళ కుటుంబాలకు, మీ నాన్నగారు సమీకరణము వ్రాయు నాటికి ఎన్ని కిలోలు ఉండిరి అని ఉత్తరాలు వెళ్ళాయి. ఒకాయన కూతురు, మా నాన్న ఉపవాసాలు ఎక్కువగా ఉండేవారని జవాబు రాసింది. ఆయన్ని జాబితా నుంచి తీసేశారు.

ఆ వేడిలోనే గురుత్వభూషణ పురస్కారం ప్రకటించారు. విశాలాక్షి మంగతాయారుగారి పేరు పంపింది. పురస్కారం మిఠాయి దుకాణం నడిపే పైడిపాల బసవరాజుగారికి వచ్చింది. మనిషి మంచివాడు. సన్మానానికి పిలిచినప్పుడు వేదిక ఎక్కడానికి నలుగురు సాయం పట్టారు. "ఇందులో నా గొప్ప ఏమీ లేదండీ, అంతా మా ఆవిడ చేతి వంట" అని చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మంగతాయారుగారికి మాత్రం తిరస్కరణ కాగితం వచ్చింది. అభ్యర్థినిగారి బరువు ముప్పయ్యెనిమిది కిలోలు మాత్రమే అయినందున, కనీస అర్హత లేదని తెలియజేయడమైనది.

విశాలాక్షి ఆ కాగితం చూపించలేక చూపించింది. మంగతాయారుగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, పకపకా నవ్వారు.

"జీవితమంతా నన్ను తేలిగ్గానే తీసుకున్నారు విశాలా. లెక్కకట్టి కాగితం మీద పెట్టడం మాత్రం ఇదే మొదలు."

"నవ్వకండి మేడమ్. నాకు కడుపు మండిపోతోంది. అసలు ఇదంతా నేను నోరు జారడం వల్ల వచ్చింది."

"నువ్వు చెప్పింది నిజమే కదా. నిజం చెప్పడం తప్పెలా అవుతుంది? ఎవరికి చెప్పావో చూసుకోవాల్సింది, అంతే." ఆవిడ కాగితం మడిచి పక్కన పెట్టారు. "పురస్కారం నాకెందుకు గానీ, ఒక్క కోరిక ఉండిపోయింది. తీగ మార్చి ఆ కొలత మళ్ళీ ఒక్కసారి తియ్యాలని ఉంది. అప్పుడు క్వారీ లారీల అదురుకి త్రాసు ఎప్పుడూ పూర్తిగా నిలకడగా లేదు. ఇప్పుడైతే లారీలు ఇంకా ఎక్కువటగా?"

లారీలే కాదు, ఇప్పుడు సొరంగానికే ముప్పు వచ్చిందని ఆవిడకు ఎలా చెప్పాలో విశాలాక్షికి తోచలేదు.

సన్నగుట్ట ఉన్న కాకిరేవు జిల్లా వరసలో అన్నిటికన్నా కింద ఉండేది. కరువు జిల్లా. మనుషులూ పశువులూ కూడా బక్కచిక్కే ఉంటారు. కలెక్టరు ఎన్ని సంజాయిషీలు రాసినా సరిపోలేదు. చివరికి ఆయన కన్ను పాత గనుల మీద పడింది. జిల్లా నిండా బొరియలే, ఒక్కో బొరియా ఒక్కో లోటు. వాటిని పూడిస్తే బరువు పెరుగుతుంది. అన్నిటికన్నా ముందు సన్నగుట్ట సొరంగాన్ని పూడ్చాలని ప్రతిపాదన వచ్చింది. ప్రభంజనరావుగారు ఆమోదించారు.

విశాలాక్షి ఆయన గదిలోకి అనుమతి అడక్కుండానే వెళ్ళింది.

"అది ప్రయోగశాలండీ! అక్కడ కొలిచిన కొలత ప్రపంచం ఒప్పుకుంది. మన దేశంలో గురుత్వాకర్షణ మీద నిజంగా జరిగిన పనికి ఆనవాలుగా మిగిలింది అదొక్కటే!"

"ఆనవాలు అనుచున్నారు. లోపల ఏమున్నది?"

"ఒక త్రాసు ఉంది."

"మిగిలినది?"

"ఖాళీ."

"అదియే మా బాధ. సొరంగము అనగా బరువు ఉండవలసిన చోట బరువు లేకుండుట. గురుత్వమునకు అది ద్రోహము కాదా?"

"ఒకచోట మట్టి తవ్వి ఇంకోచోట పోస్తే దేశానికి ఏం కలుస్తుందండీ? మొత్తం అంతే కదా!"

"దేశమునకు ఏమియు కలవదు" అని ప్రభంజనరావుగారు సులువుగానే ఒప్పుకున్నారు. "జిల్లాకు కలియును. పనితీరు జిల్లావారీగా చూడబడును."

"మరి మట్టి ఎక్కణ్ణించి తెస్తున్నారు?"

"ప్రక్క జిల్లా చిలకలేరు నుండి. అచ్చట మట్టి సమృద్ధిగా ఉన్నది. వారికి ఈ విషయము తెలియపరచవలసిన అవసరము నిబంధనలలో లేదు."

విశాలాక్షి బయటికి వచ్చి వరండాలో నిలబడింది. జోజప్ప టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు.

"పోట్లాడితే వినరమ్మా" అన్నాడు. "పెద్దోళ్ళకి ఎదురు చెప్పేదానికి మనం చాలం. ఇంకో పెద్దాయన్ని ఎదురు పెట్టాల."

ఆమె టీ తాగలేదు. ఆ మధ్యాహ్నమే చిలకలేరు బస్సెక్కింది.

చిలకలేరు కలెక్టరు కుర్రవాడు. ఆ నెల పతాకం అతనిదే, బల్ల మీద పెట్టుకున్నాడు. విశాలాక్షి తనను తాను పరిచయం చేసుకుని, ఈసారి జవాబు చెప్పలేదు. ప్రశ్న మాత్రమే అడిగింది.

"మీ జిల్లా గురుత్వాన్ని లారీల్లో పక్క జిల్లాకు తోలుకుపోతున్నారట. మీ అనుమతితోనేనా సర్?"

అతని చెయ్యి తనకు తెలియకుండానే పతాకం మీదికి వెళ్ళింది.

"ఏమిటీ? మా మట్టా?"

"మట్టి కాదు సర్. దోహదం. ఒక సొరంగం నిండా."

అతను అప్పటికప్పుడు ఫోన్లు చేశాడు. సాయంత్రానికి జిల్లా సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. రెండు వైపులా పోలీసులు నిలబడ్డారు. కాకిరేవు వాళ్ళు మట్టి మాది అన్నారు, చిలకలేరు వాళ్ళు బరువు మాది అన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది.

వాదనలు చాలాకాలం నడిచాయి. కాకిరేవు ప్లీడరు, మట్టి చరాస్తి కాబట్టి కొన్నవాడు తీసుకుపోవచ్చన్నాడు. చిలకలేరు ప్లీడరు, మట్టి చరాస్తే కానీ అందులో ఉన్న గురుత్వం స్థిరాస్తి అనీ, అది తాతల నాటి నుంచి తమ జిల్లా నేలను లాగుతోందనీ అన్నాడు. జడ్జిగారు ఇద్దరినీ విని, కళ్ళు మూసుకుని, ఏ చట్టంలోనూ ఈ విషయం లేనందువల్ల లోతుగా పరిశీలించాలన్నారు. అంతవరకూ యథాతథ స్థితి. సన్నగుట్ట చుట్టూ నాలుగు మైళ్ళలో మట్టి గానీ రాయి గానీ కదలకూడదు. లారీలే కాదు, ఏ బండీ తిరగకూడదు. క్వారీ మూసెయ్యాలి. లోపల ఉన్నది ఉన్నట్టే ఉండాలి, కొత్త బరువు లోపలికి పోకూడదు. కాపలాకి ఒక కానిస్టేబుల్ని పెట్టాలి.

ఆ లోపు చరిత్ర అచ్చయింది. ఐదు సంపుటాలు. మంత్రిగారు ఆవిష్కరించారు. ఆవిష్కరణ ఫొటోలో కట్టను ఎత్తి పట్టుకున్నది ఆయన కాదు, వెనకాల ఇద్దరు అటెండర్లు. విదేశీ మ్యూజియానికి ఒక సెట్టు పంపితే, తపాలా ఖర్చు వాళ్ళే పెట్టుకుని కృతజ్ఞతలతో తిప్పి పంపారు. విశాలాక్షి రాసిన నలభై పేజీలకు బదులు ఒక్క పంక్తి మాత్రం ఐదో సంపుటం చివర చేరింది. కాకిరేవు జిల్లా, సన్నగుట్ట సొరంగము, దోహదము: లోటు. మంగతాయారుగారి పేరు ఎక్కడా లేదు. పని పూర్తయిందని మండలి విశాలాక్షిని యూనివర్సిటీకి తిప్పి పంపింది. వెళ్ళేటప్పుడు ఛైర్మన్‌గారు ఆమె చెయ్యి పట్టుకుని, "మీరు ఆ రోజు ఆ ముక్క చెప్పబట్టి కదండీ ఇంత పని జరిగింది" అన్నారు మనస్ఫూర్తిగా. ఆయన్ని తీరప్రాంత అలల మండలికి వేశారు.

ఒక ఆదివారం ఉదయం విశాలాక్షి మంగతాయారుగారిని కారులో ఎక్కించుకుని సన్నగుట్టకు బయల్దేరింది. నాలుగు మైళ్ళ హద్దు దగ్గర కారు ఆపేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లమెల్లగా, చెట్టు కనపడిన చోటల్లా కూర్చోబెడుతూ నడిపించింది. దారి పొడుగునా పిట్టల కూతలు తప్ప మరో చప్పుడు లేదు. మూతపడ్డ క్వారీలో క్రషర్ మీదికి తీగలు పాకి ఉన్నాయి.

"విశాలా, ఇంత నిశ్శబ్దం కావాలని నేను ఎన్ని అర్జీలు పెట్టానో తెలుసా?" అన్నారు మంగతాయారుగారు. "ఒక్కదానికీ జవాబు రాలేదు. అర్జీ పెట్టకుండా ఉంటే సరిపోయేదన్నమాట."

సొరంగం ముందు కానిస్టేబుల్ ఓబులేసు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. వాళ్ళను చూసి లేచాడు.

"యాడికమ్మా? లోపలికి కొత్త బరువు పోగూడదని ఆర్డరు."

"ఈవిడ కొత్త కాదు" అంది విశాలాక్షి. "ముందు నుంచీ ఇక్కడున్న మనిషే. లోపలి త్రాసు ఈవిడదే. ఏదీ కదపం, చూస్తాం అంతే."

ఓబులేసు మంగతాయారుగారిని ఎగాదిగా చూశాడు. "ఆయమ్మకి బరువేడుందిలే. పోండి" అన్నాడు.

లోపల చల్లగా ఉంది. గాజు పెట్టెలో త్రాసు అలాగే వేలాడుతోంది. దాని అద్దం మీద పడిన వెలుగు చుక్క ఎదురుగోడ మీది కొలబద్ద మీద నిలవాలి. విశాలాక్షి బ్యాటరీ లైటు అమర్చింది. పాత తీగనే ఉంచి, ముందు దాని నిలకడ చూద్దామన్నారు మంగతాయారుగారు. ఇద్దరూ దూరంగా రాతి అరుగు మీద కూర్చున్నారు. చుక్క చాలాసేపు అటూ ఇటూ ఊగి, ఊగడం తగ్గించి, ఒకచోట ఆగింది. మంగతాయారుగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఆ చుక్క అంత కుదురుగా నిలబడటం ఆవిడ జీవితంలో ఎప్పుడూ చూడలేదు. విశాలాక్షి చూస్తుండగానే ఆవిడ కళ్ళు తడి అయ్యాయి.

ఇంతలో చుక్క కదిలింది. మెల్లగా, పక్కకు.

"నువ్వు కదిలావా విశాలా?"

"లేదు మేడమ్."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గాజు పెట్టె పక్కనే, మెడ ముందుకు చాచి, ఓబులేసు నిలబడి ఉన్నాడు. లోపల వీళ్ళు ఏం చూస్తున్నారో చూద్దామని చప్పుడు చెయ్యకుండా వచ్చాడు.

"అది నువ్వే బాబూ" అన్నారు మంగతాయారుగారు.

"నేనేం చేసినానమ్మా? చెయ్యి కూడా పెట్టలే!"

"చెయ్యి పెట్టక్కర్లేదు. వచ్చి నిలబడ్డావు, త్రాసు నీ వైపు ఒరిగింది. నువ్వు దాన్ని లాగుతున్నావు."

ఓబులేసు చుక్క వైపు చూశాడు. తన పొట్ట వైపు చూసుకున్నాడు. యూనిఫారం కిందికి లాక్కుని నిటారుగా నిలబడ్డాడు.

"అంటే, ఆ పుస్తకాల్లో ఏస్తారే, దోహదం... అది నాది గూడా ఉండాదా?"

"ఉంది నాయనా. ఐదు సంపుటాల్లో రాసిన దోహదాల్లో ఒక్కదాన్నీ ఎవరూ త్రాసులో పెట్టి చూడలేదు. కళ్ళారా చూసింది నీదే."

అతను గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఇంకేమన్నా చెయ్యమంటారా అమ్మా, సైన్సు కోసం?"

"చెయ్యి నాయనా" అన్నారు మంగతాయారుగారు. "కాస్త దూరంగా జరుగు."

అతను జరిగాడు. బయటిదాకా వెళ్ళి, స్టూలు కూడా ఇంకో పది బారలు అవతలికి జరుపుకున్నాడు. లోపల చుక్క నెమ్మదిగా వెనక్కి వచ్చి, తన చోట తను నిలిచింది.